నత్త జవాబు

పోయిన వారం మనం పాటల టీచర్ని బడి హాలు మధ్యలో, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. అంతకు ముందు జరిగిన రభస మీకు గుర్తుండే ఉంటుంది. నాజీల కాలంలో యూదుల మీద సాగిన మారణహోమం గురించి ఐదో తరగతి పిల్లలకి చెప్పాలా వద్దా అని మూడు వారాలుగా బడిలో ఒకటే వాదన. "పసివాళ్ళకి ఆ ఘోరాలెందుకు? రేపు పిల్లలు నిద్దట్లో ఉలిక్కిపడి ఏడిస్తే తల్లులొచ్చి నా పీక పట్టుకుంటారు" అని పెద్దమేడం. "ఘోరాలేం చెప్పం మేడం. ఒక బొమ్మల పుస్తకం, ఒక చిన్న పాట. అంతకంటే ఏమీ లేదు" అని పుస్తకాలావిడ. పుస్తకాలావిడ అంటే లైబ్రరీ టీచరే, అందరూ అలాగే పిలుస్తారు. చివరికి పెద్దమేడం మెత్తబడింది. శుక్రవారం తల్లిదండ్రుల ముందు కార్యక్రమం అని ఖాయమైంది.

అసలు వింత తర్వాత జరిగింది. చిన్నప్పుడు ఆ నరకంలోంచి ఒంటరిగా బయటపడి, ఆ రోజుల గురించి ఇంట్లో ఎన్నడూ పెదవి విప్పని పాటల టీచరు తల్లి, తొంభైకి దగ్గర పడుతున్న మనిషి, "నీ పిల్లలు ఎలా పాడతారో వింటాను, తీసుకెళ్ళు" అని తనంతట తనే చెప్పులేసుకుంది. వచ్చింది. రిహార్సల్లో ముందు వరసలో కూర్చుంది. పిల్లలు మూడో లైను పాడి నాలుగో లైను అందుకున్నారో లేదో, చేతికర్ర నేలకి కొట్టి "ఆపండి" అంది.

అక్కడ ఆపినందుకు మీలో కొందరు నన్ను తిట్టుకున్నారని తెలుసు. నేనేం చెయ్యను, పెద్దావిడే ఆపమంది.

పిల్లలు ఆపేశారు. వెనక వరసలో ఇద్దరు కిసుక్కుమన్నారు గానీ ముందున్నవాళ్ళు బిక్కమొహాలేశారు. పాటల టీచరు హార్మోనియం మీద చేతులు అలాగే ఉంచి తల్లి వంక చూసింది. ముప్పై రెండేళ్ళుగా ఈ హాల్లో పాడిస్తోంది ఆవిడ. ఎవరూ ఆమెని మధ్యలో ఆపమన్న పాపాన పోలేదు.

"తప్పు పాడుతున్నారు," అంది పెద్దావిడ.

"ఏది తప్పమ్మా?"

"అది నీకు తెలీదా?"

పాటల టీచరుకి తల కొట్టేసినట్టయింది. తప్పు అనే మాట పాట నేర్పేవాళ్ళకి ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంటుంది. శ్రుతి సరిగ్గా ఉంది. తాళం సరిగ్గా ఉంది. ఇరవై ఆరు మంది పిల్లలు ఒక్క గొంతులా పాడుతున్నారు. ఇంతకంటే ఏం కావాలి?

పాట ఏమంత పెద్దది కాదు. ఊయల్లో పిల్లకి పాడేంత పాట.

*నత్తా నత్తా నీ ఇల్లేదీ?*
*వీపున మూటై నాతోటే ఉంది.*
*నత్తా నత్తా ఎప్పుడొస్తావు?*
*నువ్వొచ్చేదాకా గడియ వెయ్యం,*
*దీపం ఆర్పం, నిద్దరపోం.*

ముందు వరసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. ఆ పిల్లని బడిలో అందరూ ప్రశ్నలమ్మ అంటారు. దాని నోటికి దడిసి ఇన్‌స్పెక్టరుగారు కూడా ఒకసారి పక్క తరగతికి తప్పుకున్నాడు.

"అమ్మమ్మగారూ, నాక్కూడా ఒక అనుమానం. ఎప్పుడొస్తావు అని నత్తని అడిగాం కదా. అది ఏం చెప్పిందో వినకుండానే మేమే పాడేసుకుంటున్నాం. అది తప్పా?"

పెద్దావిడ ఆ పిల్లని చాలాసేపు చూసింది. "అదే తల్లీ," అని, ఇంకేదో అనబోయి కుర్చీలో కూలబడింది.

ఇలాంటప్పుడు పుస్తకాలావిడని మెచ్చుకోవాలి. ఏమైంది, ఎందుకైంది అని ఆరా తియ్యలేదు. "పిల్లలూ, అందరూ నా వెనకే రండి, పుస్తకం దగ్గర కూర్చుందాం" అని మందని మళ్ళించినట్టు మళ్ళించి హాలు మూలకి తీసుకుపోయింది. అక్కడ చాప మీద కూర్చోబెట్టి బొమ్మల పుస్తకం తెరిచింది. దాంట్లో ప్రతి పేజీలోనూ అదే తరగతి గది. అదే నల్లబల్ల, అవే కిటికీలు. పేజీ తిప్పిన కొద్దీ గదిలో పిల్లలు తగ్గుతూ ఉంటారు. ఎందుకు తగ్గుతున్నారో పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు. పుస్తకాలావిడ పద్ధతి ఏమిటంటే ఆవిడా చెప్పదు. పేజీ తిప్పుతుంది, ఊరుకుంటుంది. పిల్లల్లో ఎవరో ఒకరు "టీచర్, ఇందాక కిటికీ దగ్గర కూర్చున్నవాడు ఏడీ?" అని అడిగేదాకా ఆగుతుంది. అడిగాకే పాఠం మొదలు.

"ఏడీ?" అని అప్పుడే ఎవరో అడగడం వినిపించింది. తల్లి చెయ్యి పట్టుకుని పాటల టీచరు వాయిద్యాల గదిలోకి తీసుకెళ్ళింది.

చిన్న గది. గోడల పొడుగునా డోళ్ళు, తీగ తెగిన వయొలిన్లు, పిల్లల తప్పెట్లు. కూర్చోవడానికి రెండు ముక్కాలిపీటలు. పాటల టీచరు తల్లిని ఒకదాని మీద కూర్చోబెట్టి, తాను నిలబడే ఉంది. లోపల కోపం కుతకుతలాడుతోంది.

"అమ్మా, పిల్లల ముందు అలా అరిస్తే ఎలా? వాళ్ళు రెండు వారాల్నుంచి ప్రాణం పెట్టి నేర్చుకుంటున్నారు. తప్పుంటే ఇంటికెళ్ళాక చెప్పచ్చుగా."

"ఇంటికెళ్ళేదాకా నేనుండద్దూ?"

"పాట నీదే. నువ్వు పాడిందే నేను నేర్పాను. నన్ను ఒళ్ళో వేసుకుని రోజూ పాడేదానివి, మర్చిపోయావా?"

"నేను మూడో లైను తర్వాత ఆగేదాన్ని," అంది పెద్దావిడ. "నువ్వు ఆగట్లేదు."

అక్కడ పాటల టీచరు కోపం సగానికి తగ్గింది. నిజమే. అమ్మ అక్కడ ఆగేది. ఎప్పుడొస్తావు అని పాడి, ఒక లైను పట్టేంతసేపు ఊరుకుని, అప్పుడు నువ్వొచ్చేదాకా అని అందుకునేది. చిన్నప్పుడు తను కళ్ళు మూసుకుని ఆ ఊరుకున్న సేపంతా అమ్మ గుండె చప్పుడు వినేది. ఊపిరి తీసుకుంటోంది కాబోలు అనుకునేది. కొన్నిసార్లు అమ్మకే కునుకు పట్టిందనుకుని చెంప మీద తట్టేది కూడా. పెద్దయి సంగీతం చదువుకున్నాక, ఒకసారి ఆ పాట స్వరాలు రాసుకుంటుంటే తాళం కుదరలేదు. మూడో లైనుకీ నాలుగో లైనుకీ మధ్య ఏ ఆధారం లేకుండా ఖాళీ వేలాడుతోంది. పాపం అమ్మ ఒక లైను మర్చిపోయి ఉంటుంది అనుకుంది. పాటల టీచరు కదా, కుదరని తాళాన్ని చూస్తూ ఊరుకోలేదు. ఖాళీ తీసేసి రెండు కొసలూ ముడివేసింది. పాట నున్నగా, ముచ్చటగా తయారైంది. అప్పట్నుంచి ఎన్ని తరగతులకి నేర్పిందో, ఎన్ని వందల మంది పిల్లలు ఆ పాట నోట్లో వేసుకుని ఇళ్ళకి వెళ్ళారో ఆవిడకే తెలీదు.

"నువ్వు మర్చిపోయావనుకున్నానమ్మా," అంది చిన్నగా. "అక్కడేదో లైను ఉండి, అది నీకు గుర్తు లేదేమో అనుకుని..."

"రోజూ అదే చోట మర్చిపోతానటే?"

పాటల టీచరు రెండో ముక్కాలిపీట లాక్కుని తల్లి ఎదురుగా కూర్చుంది.

పెద్దావిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, వేళ్ళ వంక చూసుకుంటూ మొదలుపెట్టింది. ఆవిడ జీవితమంతా కిటికీ తెరలు కుట్టి బతికింది. వేళ్ళు ఇప్పటికీ కుదురుగా ఉండవు, లేని గుడ్డ అంచు మడుస్తూనే ఉంటాయి.

"మమ్మల్నందర్నీ ఒక పేటలో పెట్టి చుట్టూ గోడ కట్టారు. అది నీకు తెలుసు. పుస్తకాల్లో చదివావు. అందులో పిల్లలకి వేరే ఒక ఇల్లు. మా అమ్మానాన్నల్ని అప్పటికే తీసుకుపోయారు. ఒక పొడుగాటి గదిలో మేం పిల్లలం వరసగా పడుకునేవాళ్ళం. మమ్మల్ని చూసుకోడానికి ఒక అక్క ఉండేది. అక్కంటే ఎంత, పదిహేడో పద్దెనిమిదో. తినడానికేం లేకపోతే పాట నేర్పేది. కడుపు నిండదనుకో, కాసేపు మర్చిపోతాం."

"ఈ పాటేనా?"

"ఇది పాట కాదే, ఆట. పెద్దపిల్లలం అడగాలి. చిన్నవాళ్ళు నత్తలు. నీ ఇల్లేది అంటే అందరికీ ఒకటే జవాబు, వీపున మూటై నాతోటే ఉంది. ఎప్పుడొస్తావు అంటే మాత్రం ఎవరి జవాబు వాళ్ళే కట్టుకోవాలి. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళు చెప్తే ఓడిపోయినట్టు. ఒకడు ముక్కు చీదుకుని వస్తా అనేవాడు. ఒక పిల్ల వాన వెలిశాక అనేది. నవ్వి నవ్వి చచ్చేవాళ్ళం ఆ గదిలో. నీకు నమ్మకం కలగదు గానీ, నవ్వేవాళ్ళం."

అమ్మ నోట ఇన్ని మాటలు ఒక్కసారిగా పాటల టీచరు ఎన్నడూ వినలేదు.

"మా చంటాడు కూడా నత్తే," అంది పెద్దావిడ.

"చంటాడెవరు?"

"నా తమ్ముడు."

పాటల టీచరుకి ముందు అర్థం కాలేదు. మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. అమ్మకి తోబుట్టువులు లేరు. చిన్నప్పుడు బళ్ళో ఎవరైనా మా మావయ్య బొమ్మ కొనిచ్చాడు, మా మావయ్య భుజాలెక్కించుకుని తిప్పాడు అని చెప్పుకుంటుంటే, ఇంటికొచ్చి "అమ్మా, మనకి మావయ్య లేడా?" అని అడిగేది. "లేడు" అనేది అమ్మ. అది అబద్ధం కాదు. ఇప్పుడు తెలుస్తోంది అది అబద్ధం కాదని.

"నాకు మావయ్య ఉన్నాడా?" అంది. "నాకు యాభై ఏడేళ్ళొచ్చాయమ్మా. ఇన్నేళ్ళకా చెప్పేది? నీ కడుపున పుట్టిన పిల్లని. నాక్కూడా చెప్పకూడదా?"

"చెప్తే ఏమయ్యాడంటావు. అది చెప్పాల్సొస్తుందని చెప్పలేదు."

ఇన్నేళ్ళూ ఒక్కత్తే మోసిన మనిషిని ఏమని నిలదీస్తుంది? కూతురు పెద్దావిడ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. అంచు మడిచే వేళ్ళు కాస్త ఊరుకున్నాయి.

"ఒకరోజు మిట్టమధ్యాహ్నం సైనికులొచ్చారు. చిన్నవాళ్ళని వేరే చోటికి మారుస్తున్నాం, అక్కడ పాలు దొరుకుతాయి అన్నారు. నేను కూడా పోతానన్నాను. నేను పెద్దదాన్నట, పనికొస్తానట, పోనివ్వలేదు. మమ్మల్ని చూసుకునే అక్కకి అంతా తెలుసు. మొహం చూస్తే తెలిసిపోయింది ఆవిడకి తెలుసని. అయినా మాకేమీ చెప్పలేదు. పిల్లలు భయపడకూడదని, మీరు మెట్ల మీద నిలబడి నత్త ఆట పాడండి, వాళ్ళు జవాబు చెప్పుకుంటూ వెళ్తారు అంది. మేం పాడాం. నీ ఇల్లేది అంటే అందరూ కలిసి వీపున మూటై అన్నారు. నిజంగానే వీపున మూటలున్నాయి వాళ్ళకి. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లారీ ఎక్కుతున్నారు. మావాడి వంతొచ్చింది. నేను అడిగాను. ఎప్పుడొస్తావు అని గట్టిగా అడిగాను. సరిగ్గా అప్పుడే లారీలు మొదలెట్టారు."

పెద్దావిడ గొంతు ఆరిపోయింది. కూతురు నీళ్ళు తేవడానికి లేవబోతే చెయ్యి వదల్లేదు.

"వాడి నోరు కదిలిందో లేదో కనపడలేదు. దుమ్ము. జవాబు చెప్పాడో, ఏడుస్తున్నాడో, నేను రావట్లేదని కోపమొచ్చి మూతి ముడుచుకున్నాడో. వాడికి ముక్కు మీద కోపం. చెప్పాడో లేదో తెలీదు నాకు. నాకు కావాల్సింది అదొక్కటే. ఇన్నేళ్ళుగా అదొక్కటే. అందుకని అక్కడ ఆగుతాను. అది వాడి చోటు. నువ్వొచ్చి దాన్ని మూసేశావు."

తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పాటల టీచరు వెక్కివెక్కి ఏడ్చింది. బడిలో పిల్లల్ని ఏడిపించకండి అని బోర్డు రాయించిన మనిషి. తప్పయిపోయిందమ్మా, తప్పయిపోయింది అని ఎన్నిసార్లు అందో. పెద్దావిడ కూతురి నెరిసిన జుట్టు నిమురుతూ కూర్చుంది. ఆవిడ కంట్లో తడి లేదు. ఆ ఏడుపు ఏనాడో ఇంకిపోయింది.

కాసేపటికి పాటల టీచరు తేరుకుని, ముక్కు తుడుచుకుని, "తర్వాత ఎవర్నైనా అడిగావా?" అంది.

"యుద్ధం అయ్యాక ఒకాయన కాయితాలు చూసి చెప్పాడు. మంచివాడే పాపం, చెప్పలేక చెప్పాడు. ఆ లారీల్లో వెళ్ళినవాళ్ళు ఆ సాయంత్రం దాకా కూడా లేరమ్మా అన్నాడు. ఇంకెవర్ని అడగను? ఏమని అడగను?"

"వాడి జవాబు ఏమిటమ్మా? ఆటలో మావయ్య ఏం చెప్పేవాడు?"

పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. "అది వాడిది. నేను పలకను. మీ నాన్నక్కూడా చెప్పలేదు."

"పోనీలే. చెప్పద్దు. శుక్రవారం ఆ చోటు ఖాళీగా ఉంచుతాం. పిల్లలకి నేను చెప్తాను. ఆగుతారు. ఎంతసేపైనా ఆగుతారు. నువ్వు ముందు వరసలో కూర్చో."

పెద్దావిడ ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. అలా ఉండగానే తలుపు తట్టి ఆఫీసు గుమాస్తా తొంగిచూశాడు. పాటల టీచరు ఎర్రబడ్డ కళ్ళు చూసి వెనక్కి తగ్గబోయి, మళ్ళీ ధైర్యం తెచ్చుకున్నాడు.

"టీచరుగారూ, ఏమనుకోకండి. ఆఫీసుకి ఫోనొచ్చింది. ఎవరో పెద్దాయన, వేరే ఊరి నుంచట. తర్వాత చెయ్యండి బాబూ అంటే వినట్లేదు. మీతోనే మాట్లాడాలట."

"ఎందుకట?"

గుమాస్తా ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. "మీరు పాట తప్పు నేర్పిస్తున్నారట. ఒకటే పేచీ."

ఇంత ఏడుపులోనూ పాటల టీచరుకి నవ్వొచ్చింది. ముప్పై రెండేళ్ళలో లేని ఫిర్యాదులు ఒక్క పూటలో రెండు. "పోయిన వారం రిహార్సల్ వీడియో తల్లిదండ్రులకి పంపాం కదా, ఊళ్ళన్నీ తిరుగుతున్నట్టుంది," అంటూ లేచింది. తల్లిని ఆ గదిలో ఒంటరిగా వదలబుద్ధి కాక, చెయ్యి ఆసరా ఇచ్చి మెల్లగా వరండాలోంచి ఆఫీసుకి నడిపించుకుపోయింది. గుమాస్తా తన కుర్చీ లాగి పెద్దావిడకి వేసి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చాడు.

"హలో, చెప్పండి. నేను పాటల టీచర్ని."

"మీరేనా అమ్మా?" అవతల గొంతు బాగా ముసలిది, కాని ఖంగుమంటోంది. "నేను బస్సులు తోలి రిటైరైనవాణ్ణి. సంగీతం గింగీతం నాకు రాదు. మా పక్కింటమ్మాయి తన మేనల్లుడు పాడాడని ఫోన్లో చూపించింది. ఆ నత్త పాట. అది మీకెక్కడిది?"

"మా ఇంట్లో పాడేవాళ్ళండి."

"ఎవరు పాడారో గాని సగం పాట నేర్పారు మీకు. ఎప్పుడొస్తావు అని అడిగాక నత్త జవాబు చెప్పద్దూ? అది వదిలేసి గడియ వెయ్యం అంటూ పోతారేంటి? జవాబు లేకపోతే ఇంక ఆ పాటెందుకు?"

"అక్కడ ఎవరి జవాబు వాళ్ళు కట్టుకోవాలటండి. నాకూ ఇప్పుడే తెలిసింది."

ఈసారి ఆయన గొంతులో పేచీ లేదు.

"అదెలా తెలుసమ్మా మీకు? ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరే. నాది ఏం కట్టుకున్నానో నాకే గుర్తు లేదు, తమాషా చూడండి. నాకు ఆ పాట నేర్పినవాడిది మాత్రం ఒక్క అక్షరం మర్చిపోలేదు. పాడమంటారా? గొంతు బాగోదు, ఏమనుకోకండి." అని ఆయన పాడాడు.

పాటలు చెప్పేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. కొత్త లైను ఏది వినబడినా నోరు ఊరుకోదు, వెంటనే తిప్పి పాడుకుంటేగాని మనసుకి పట్టదు. పాటల టీచరు ఏ ఆలోచనా లేకుండా, ఫోను చెవి దగ్గర పెట్టుకునే, ఆయన పాడిన లైను పైకి పాడింది.

*కుడికాలి జోడు కనపడలేదు,*
*కనపడగానే వచ్చేస్తాను.*

గ్లాసు కింద పడింది. గుమాస్తా చప్పున ఒంగాడు. పెద్దావిడ చేతికర్ర లేకుండానే లేచి నిలబడి ఉంది.

"ఏమన్నావు?"

"ఈయన పాడాడమ్మా, నేను ఊరికే..."

"మళ్ళీ అను."

పాటల టీచరు మళ్ళీ అంది. ఈసారి పాడలేదు, మాటలు మాత్రం చెప్పింది. చెప్తుండగానే అది ఎవరి జవాబో ఆవిడకి అర్థమైంది.

"ఇది నేను నీకు చెప్పలేదు," అంది పెద్దావిడ.

"చెప్పలేదమ్మా."

"ఎవరికీ చెప్పలేదు." చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వు."

ఫోను తీసుకుని, ఏ వైపు చెవికో ఏ వైపు నోటికో తడుముకుంటుంటే కూతురు సరిచేసి, అవతలి మాట అందరికీ వినపడే మీట నొక్కింది. పెద్దావిడ నమస్కారం చెప్పలేదు, మీరెవరని అడగలేదు.

"బాబూ, ఆ పాట నేర్పినవాడికి ఎన్నేళ్ళుంటాయి?"

"ఆరు ఉంటాయేమో. నాకంటే చిన్న. నాకప్పుడు ఏడు. మీరెవరమ్మా?"

"వాడి జోడు కనపడకపోవడమేంటి? నత్తకి కాళ్ళెక్కడివి?"

ఆయన నవ్వాడు. "నేనూ అదే అడిగేవాణ్ణమ్మా. నత్తకి కాళ్ళుండవురా అంటే, అందుకే దొరకట్లేదురా అనేవాడు."

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. ఏనాడో ఇంకిపోయిందనుకున్న ఏడుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో, బుగ్గల మీద ధారలు కట్టింది. తుడుచుకోలేదు.

"ఆ రోజు లారీ ఎక్కేటప్పుడు," అంది, ఒక్కో మాట కూడదీసుకుంటూ, "మెట్ల మీంచి అడిగారు వాణ్ణి. వాడు జవాబు చెప్పాడా?"

"నేను ఆ లారీ ఎక్కలేదమ్మా. నేను చూళ్ళేదు. కాని వాడు ఆ సంగతి చెప్పేవాడు. పొద్దస్తమానం పాడుతుంటే ఒకసారి విసుక్కున్నాను, ఎందుకురా ఒకటే పాడి చంపుతావు అని. అప్పుడు చెప్పాడు. మా అక్క అడిగింది, నేను చెప్పాను, దానికి వినపడలేదు. అందుకని మళ్ళీ మళ్ళీ చెప్తున్నాను అన్నాడు."

హాల్లోంచి పిల్లల మాటలు సన్నగా వినపడుతున్నాయి. పాటల టీచరు గోడకి ఆనుకుని నోరు గట్టిగా మూసుకుంది, ఏడుపు చప్పుడు బయటికి రాకుండా.

"చెప్పాడన్నమాట," అంది పెద్దావిడ. "చెప్పాడే," అని కూతురి వంక తిరిగి, ఆమెకి వినపడలేదేమో అన్నట్టు మళ్ళీ అంది. తొమ్మిదేళ్ళ పిల్ల మొహం అది.

"చెప్పకేం అమ్మా," అంటున్నాడు ఫోనులో ఆయన. "మా ఇద్దర్నీ ఒకావిడ తన అటక మీద దాచింది. నేను ముందున్నాను, వాణ్ణి తర్వాత తెచ్చింది. ఆ చలికాలమంతా మాకు అదే ఆట. గట్టిగా పాడకూడదు, చెవిలో చెప్పుకునేవాళ్ళం. కిటికీ అద్దం మీద మంచు పేరుకుంటే వేలితో నత్త బొమ్మలు గీసేవాడు."

పెద్దావిడ ఉలిక్కిపడింది.

"ఏమంటున్నాడే?"

"అటక మీద దాచారటమ్మా. చలికాలమంతా..."

"వాళ్ళని తీసుకెళ్ళింది ఎండాకాలం కదే. మెట్లు కాలిపోతున్నాయి, పాదాలకి చెప్పుల్లేక ఎగిరెగిరి నిలబడ్డాను నేను. ఆ సాయంత్రానికే లేరని కదా ఆయన చెప్పింది. కాయితాలు చూసి చెప్పాడు కదా." పెద్దావిడ చెయ్యి గుండెల మీదికి పోయింది. "చలికాలం దాకా ఉన్నాడా నా తండ్రి? నేను వెతకలేదే. అయిపోయిందన్నారు కదా అని ఒక్క ఊరు తిరగలేదు, ఒక్క తలుపు తట్టలేదు. వాడేమో పాడుతూ కూర్చున్నాడు."

"అమ్మా, కూర్చో," అంది కూతురు, భుజాలు పట్టుకుని. "కూర్చోమ్మా, పడిపోతావు."

"అమ్మా, లైన్లో ఉన్నారా?" అంటున్నాడు ఆయన. "ఇంతకీ మీరు వాడికేమవుతారు?"

పెద్దావిడ కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఫోను రెండు చేతులతో పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"నేను వాడి అక్కని బాబూ," అంది. "చలికాలం అయ్యాక ఏం జరిగిందో చెప్పు."